ఇత్తడి అంచు

మా తోడికోడలు కుట్టిన కాలరు మెడ లేకుండానే నిలబడుతుందట. ఈ మాట నాది కాదు, మా మామగారిది. నా ఎదురుగానే అన్నారు. ఊరికే అని ఊరుకున్నారా? ఆ కాలరుని కటింగ్ బల్ల మీద నిలబెట్టి, కళ్ళజోడు సవరించుకుని, దాని చుట్టూ తిరిగి చూసి మరీ అన్నారు. మా దర్జీ షాపులో నేను ఎన్నేళ్ళుగా కాజాలు కుడుతున్నానో ఆయనకి తెలుసు. నా కాజా చుట్టూ ఎవరూ ఎప్పుడూ తిరగలేదు. ఇదేమిటండీ అని మా ఆయన్ని అడిగితే, "కాజా అంటే కంటికి కనబడకుండా ఉండాలి, అదే దాని గొప్ప" అన్నాడు. ఓదార్పట అది!

సరే, కాలర్లు దానికే వదిలేశాను. దాని జడ నాకంటే పొడుగు, దాని నవ్వుకి షాపుకొచ్చినవాళ్ళు కొలతలివ్వడం మర్చిపోతారు, దాని చేతి టీ అయితేనే మా అత్తగారికి టీ. పోనీ, అవీ దానివే. ఒక్కటి మాత్రం నాది. షట్టరు సగం దించాక ఆ కటింగ్ బల్ల దగ్గర బ్యాటు పట్టుకుని నిలబడితే, నన్ను గెలిచిన ఆడది మా వీధిలో లేదు.

మా షాపు టేబుల్ టెన్నిస్ అలా ఉంటుంది మరి. సాయంత్రం పని అయ్యాక బల్ల మీద గుడ్డలన్నీ ఎత్తేస్తాం. మధ్యలో అటొకటి ఇటొకటి ఇస్త్రీపెట్టెలు పెడతాం. వాటి మధ్య బకరం పట్టీ, అదే కాలర్ల లోపల పెట్టే గట్టి గుడ్డ, బిగించి కడతాం. అదే మా నెట్టు. బల్ల మా మామగారు పొడుగు కోట్లు కత్తిరించడానికి దగ్గరుండి చేయించుకున్నది. మంచి పొడుగు, వెడల్పు తక్కువ. ఒక పక్క అంచు పొడవునా ఇత్తడి కొలబద్ద పొదిగి ఉంటుంది. బంతి చెక్క మీద పడితే లేస్తుంది. ఇత్తడి మీద పడిందా, ణంగుమని మోగి లేవకుండా జారిపోతుంది. ఎదుటివాళ్ళ బ్యాటు గాలిలో తిరుగుతుంది. అనుకోకుండా అందరికీ ఎప్పుడో ఒకసారి పడుతుంది. అనుకుని వెయ్యడం నాకొక్కదానికే వచ్చు. చెప్పుల షాపావిడా, గడియారాలు బాగుచేసే ఆయన చెల్లెలూ, బేకరీ ఆవిడా, అందరూ ఆ ణంగుమనే చప్పుడు విని ఇంటికెళ్ళినవాళ్ళే.

అలాంటప్పుడు మా మరిదిని కట్టుకుని ఈ తోడికోడలు మా ఇంటికొచ్చింది. చిన్న మనిషి, ఒక్కచోట నిలవదు. మామగారు ముద్దుగా పిచ్చుక అని పేరు పెట్టారు. నాకు ఏ పేరూ పెట్టలేదు, అది వేరే సంగతి. ఎదురాడేవాళ్ళు లేక తోచక, నేనే దాని చేతికి బ్యాటిచ్చాను. ఎలా పట్టుకోవాలో వేళ్ళు సర్ది మరీ చూపించాను. నా ఖర్మ కాకపోతే!

మొదట్లో ఓడిపోయి నవ్వేది. ఓడిపోయినవాళ్ళు నవ్వితే నాకు చిర్రెత్తుకొస్తుంది. తర్వాత్తర్వాత నవ్వు తగ్గింది, నాలిక కొరుక్కోవడం మొదలైంది. నేను గెలవడానికి చెమట పట్టడం మొదలైంది. ఒకరోజు చివరి బంతి నా పక్కనించి దూసుకుపోయి దారాల అరకి తగిలింది. పిచ్చుక ఎగిరి గంతేసింది. బల్ల చుట్టూ పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.

"అక్కా! నిన్ను ఓడించానక్కా!"

సంతోషం నాతోనే పంచుకోవాలా తల్లీ! పళ్ళన్నీ కనబడేలా నవ్వాను. లోపలికి పోయి, శుభ్రంగా ఉన్న కాజా ఒకటి విప్పి మళ్ళీ కుట్టాను.

మా అత్తగారు స్టూలు మీద కూచుని గుండీలు కుడుతూ అంతా చూస్తుంటుంది. "ఆడుకోండే అంటే ఆ లెక్కలెందుకే మీకు? లెక్కపెట్టడం మొదలుపెట్టగానే మొహాలు మారిపోతాయి. మనుషుల్ని పాడుచెయ్యడానికి కాకపోతే ఈ గెలవడాలెందుకు?"

"లెక్క లేకపోతే అది ఆటెందుకవుతుంది అత్తయ్యా, చేతులు ఊపుకోవడమవుతుంది" అన్నాను.

"ఊపుకుంటే ఆరోగ్యమే" అంది ఆవిడ.

అలా ఒకసారి నేనూ ఒకసారి అదీ గెలుస్తూ ఉండగా వర్తకుల సంఘంవాళ్ళు పోటీ పెట్టారు. కొత్తగా కట్టిన ఆటల హాల్లో, అసలైన బల్లల మీద. షాపుకి ఒక్క ఆడమనిషి. గెలిస్తే కప్పు. మామగారు ఆ కబురు విన్న పూటే దారాల అరలో నడిమి గూడు ఖాళీ చేయించి, తడిగుడ్డతో తుడిపించారు. నీలం రీళ్ళన్నీ కింద గంపలోకి పోయాయి.

"మీలో ఎవరు వెళ్ళాలో మీరే ఆడి తేల్చుకోండమ్మా. పోటీకి ముందు ఆదివారం ఆడండి. గెలిచినవాళ్ళు షాపు తరఫున వెళ్తారు" అన్నారాయన.

ఆ గూడు వంక చూసినప్పుడల్లా నాకు కప్పు కనబడేది. కప్పు పక్కన మామగారు కనబడేవారు, కళ్ళజోడు సవరించుకుని చుట్టూ తిరుగుతూ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నేను తెచ్చినదాని చుట్టూ ఆయన తిరగాలి. నాకు కావలసింది అంతే. మా తోడికోడలికి కాలర్లున్నాయి, ఇదెందుకు?

మర్నాటి నించీ పిచ్చుక కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళి, తిరిగొస్తూ హాల్లో కాసేపు ఆడి వచ్చేది. దొంగచాటుగా ఏం కాదు, నన్నూ పిలిచింది.

"నువ్వూ రా అక్కా. అక్కడ బల్ల వేరేగా ఉంటుంది."

"బల్లంటే బల్లే. నాలుగు కాళ్ళు, మీద చదును. దాన్ని చూడటానికి ఊరేగింపుగా పోవాలా?" అన్నాను.

కొన్నాళ్ళకి మా బల్ల మీద ఆడుతుంటే ఒకటి గమనించాను. దాని బంతులు పక్కనించి బయటికి పోతున్నాయి. ఇదివరకు ఇత్తడి అంచు వారగా చెక్క మీద వేసేది, ఇప్పుడు ఇత్తడి దాటి నేల మీద వేస్తోంది. గట్టిగా కొట్టిన బంతి కూడా బల్ల చివరిదాకా రాక, మధ్యలోనే లేచి నా బ్యాటుకి అందుతోంది. అక్కడి బల్ల వెడల్పుట, పొట్టిట. చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. నాకు కడుపు చల్లబడింది.

ఆదివారం షాపు మూసి ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరారు. పిచ్చుక కొంచెం జంకుతూ మామగారితో అంది, "మామయ్యా, హాల్లో ఆడితే బాగుంటుందేమో. పోటీ అక్కడే కదా."

ఆ మాట సబబైనదే. సబబైనది గనకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మన షాపు తరఫున ఎవరో తేల్చడానికి ఊళ్ళో బల్లలెందుకు మామయ్యా? మీరు చేయించిన బల్ల పనికిరాకుండా పోయిందా?"

అంతే. ఆ బల్లని అంటే ఆయనని అన్నట్టే. "ఇక్కడే ఆడండి" అన్నారు. మా ఆయన నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"దానికి ఈ బల్ల అలవాటు తప్పిందని తెలిసే అన్నావు కదూ?"

"తప్పించుకోమని నేను చెప్పానా?"

"నేను అడిగింది అది కాదు."

"మరి అడగకండి" అని వెళ్ళి బ్యాటు తీసుకున్నాను.

మొదటి గేము నాది. రెండోది దానిది, చెయ్యి దారిలోకి తెచ్చుకుంది, మహా గట్టిపిండం. మూడోది ఇద్దరం పక్కపక్కనే నడిచాం. అత్తగారు గుండీలు కుట్టడం ఆపేసింది. గేము పదకొండుకి. తొమ్మిది తొమ్మిది దగ్గర నేను సర్వీసు చేసి, తిరిగొచ్చిన బంతిని ఇత్తడి మీద వేశాను. ణంగ్. పిచ్చుక వంగేలోపు బంతి నేల మీద ఉంది. తర్వాతి బంతి కూడా అక్కడికే వస్తుందని దానికి తెలుసు. ముందే అటు జరిగి నిలబడింది పాపం. అయినా అక్కడే వేశాను. ణంగ్.

అది బ్యాటు బల్ల మీద పెట్టి, "బాగా ఆడావక్కా" అంది. వాటేసుకోలేదు. వెళ్ళి మిషను ముందు కూచుని, సగంలో ఉన్న కాలరు తీసి తలొంచుకుంది. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆ మొహం అలా చూడాలని నాకు ఎప్పటినించో ఉంది. చూశాను. చాలా బాగుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

పోటీ రోజు మా ఇంటివాళ్ళందరూ వచ్చారు. తువ్వాలూ నీళ్ళసీసా పట్టుకుని పిచ్చుకా వచ్చింది, రానక్కర్లేదని అన్నా సరే. నాకు ముందుగా పడింది బేకరీ ఆవిడ. నవ్వొచ్చింది. మా బల్ల మీద ఈవిడని ఎన్నిసార్లు ఉతికి ఆరేశానో నాకే గుర్తులేదు. ఆవిడ నన్ను చూసి తెల్లబోయింది.

"నువ్వొచ్చావేంటి? మీ పిచ్చుక వస్తుందనుకున్నాంగా! ఇక్కడ మమ్మల్నందర్నీ వాయించేసింది. కప్పు దానిదేనని ఖాయం చేసేసుకున్నాం."

"అది నా చేతిలో ఓడిపోయింది" అన్నాను.

"ఔనా! అయితే నువ్వు ఇంకెంత ఆడుతున్నావో" అంది, నిజంగానే భయపడుతూ.

నా మొదటి బంతి బల్ల దాటి పోయింది. రెండోదీ పోయింది. బల్ల వంక చూస్తే అంగుళం తేడా కూడా తెలియడం లేదు, చేతికి మాత్రం ముందున్నదేదో ఎవరో కత్తిరించేసినట్టుంది. పోనీలెమ్మని నా ఇత్తడి దెబ్బ తీశాను. మా బల్ల మీద ఇత్తడి ఉండే చోటునే గురిచూసి, నూలుపోగు తేడా లేకుండా వేశాను. అక్కడ ఇత్తడి లేదు. అంచు కూడా లేదు. అంచు ఇంకా అవతలికి ఉంది. బంతి చక్కగా లేచి బేకరీ ఆవిడ చేతికి అందింది. ఆవిడ దాన్ని నా పొట్ట మీదికి కొట్టింది.

వెనకనించి గొంతు వినబడింది. "అక్కా, బల్ల పొట్టి. చెయ్యి తగ్గించి కొట్టు. పక్కకి ఇంకా చోటుంది, ఇంకా బయటికి వెయ్యి."

"నాకు చెప్పకు" అన్నాను తల తిప్పకుండా.

విన్నాను. ప్రతి అక్షరం విన్నాను. అది చెప్పినట్టు ఆడితే గెలుస్తానని కూడా తెలుస్తోంది. కానీ అలా గెలిస్తే ఆ కప్పు ఎవరిది? మామగారు దాని చుట్టూ తిరుగుతూ ఎవర్ని మెచ్చుకుంటారు? నా చేత్తో నేను పిచ్చుకకి కప్పు తెచ్చిపెట్టాలా? చచ్చినా సరే అనుకుని, నేనెలా ఆడతానో అలాగే ఆడాను. చచ్చాను. అయిదు గేముల ఆటలో వరసగా మూడు పోయాయి. బేకరీ ఆవిడ గెలిచినందుకు సిగ్గుపడుతూ నాకు చెయ్యిచ్చింది. తర్వాతి ఆటలో ఆవిడా ఓడిపోయింది. కప్పు పక్కవీధి మందుల షాపుకి పోయింది. ఆ మందుల షాపావిడని పిచ్చుక అంతకుముందు వారమే ఓడించిందట. ఆ సంగతి కూడా బేకరీ ఆవిడే చెప్పింది, అడక్కపోయినా.

ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. మర్నాడు పొద్దున్న మామగారు గంపలోంచి నీలం రీళ్ళు తీసి, ఒక్కొక్కటే నడిమి గూట్లో సర్దారు. నేను కాజాలు కుడుతూ తల ఎత్తలేదు.

అత్తగారు మాత్రం తీర్పు చెప్పేసింది. "చూశారుగా పోటీలు పెట్టుకుంటే ఏమైందో. ఆడదలుచుకుంటే ఇకనించి లెక్కల్లేకుండా ఆడుకోండి. లేకపోతే ఆ ఇస్త్రీపెట్టెలు బల్ల మీదికి రావడానికి వీల్లేదు."

"సరే అత్తయ్యా" అంది పిచ్చుక. నేనూ తలూపాను.

ఆ సాయంత్రం నించీ లెక్కల్లేకుండా ఆడాం. పిచ్చుక బంతిని నా బ్యాటుకి అందేలా వేస్తుంది, నేను దాని బ్యాటుకి వేస్తాను. చంటిపిల్లకి ముద్దలు పెడుతున్నట్టు మెత్తగా, నిదానంగా, ఒకటి తర్వాత ఒకటి. పక్కకి వెయ్యదు, గట్టిగా కొట్టదు. బంతి కింద పడితే అదే పరిగెత్తి తెస్తుంది. "మంచి షాటక్కా" అంటుంది. "భలే వేశావక్కా" అంటుంది. అత్తగారికి కళ్ళ పండగ్గా ఉంది. "ఎంత ముచ్చటగా ఉందో! ఇలా ఉండాలి ఆటంటే" అని మురిసిపోయింది.

నాకు మాత్రం ఉప్పు లేని కూడు తిన్నట్టుంది. ఎవరికీ తెలియకుండా మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ప్రతిరోజూ నేనే గెలుస్తున్నాను. ఒకసారి కావాలని పిచ్చి బంతి వేశాను. నెట్టుకి దగ్గరగా, ఎత్తుగా, చిన్నపిల్లలైనా చితక్కొట్టే బంతి. ఇదివరకైతే పిచ్చుక నాలిక కొరుక్కుని, గోడ అదిరేలా కొట్టేది. ఇప్పుడు దాన్ని మెల్లిగా తట్టి నా చేతికి పంపించింది.

ఆ బంతి నా బ్యాటుకి తగలగానే అర్థమైంది. ఇది నన్ను ఓడించాలనుకోవడం మానేసింది! నాతో ఆడటం లేదు, నన్ను ఆడిస్తోంది. పెద్దావిడని, ఏడుస్తుందని, ఎందుకొచ్చిన గొడవని. కాలరు నిలబెట్టి చూపించినప్పుడు కూడా నాకింత అవమానం అనిపించలేదు.

బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడు మాత్రం అది ఆలస్యంగానే వస్తోంది. ఒకరోజు గుండీలు తెస్తానని చెప్పి నేనూ బయల్దేరాను. గుండీల షాపు ఒకవైపు, హాలు ఇంకోవైపు. నా కాళ్ళు హాలు వైపే పోయాయి. తలుపు దగ్గర నిలబడి చూశాను.

పిచ్చుక ఆడుతోంది. నాలిక కొరుక్కుని, మోకాళ్ళు వంచి, జడ నడుముకి చుట్టుకుని. బేకరీ ఆవిడ ఎదురుగా రొప్పుతోంది. పిచ్చుక ఒక బంతిని పిడుగులా కొట్టింది. దాన్ని ఆవిడ ఎలాగో తిప్పికొట్టింది, ఇది మళ్ళీ కొట్టింది. "పదకొండు!" అని అరిచి గంతేసింది. బల్ల చుట్టూ పరిగెత్తుకెళ్ళి బేకరీ ఆవిడని వాటేసుకుంది. నన్ను వాటేసుకున్నట్టే. అచ్చంగా అలాగే!

కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. కాలరుకి కాదు, జడకి కాదు, కప్పుకి కాదు, దేనికీ నాకు ఇంత మండలేదు. ఎవరే ఈ బేకరీ ఆవిడ? ఇత్తడి మోగితే ఇంటికెళ్ళి పడుకునే మనిషి. దీనికి బ్యాటు పట్టడం నేర్పింది ఎవరు? ఆ వేళ్ళు సర్దింది ఎవరు?

చెప్పులు టకటకలాడించుకుంటూ లోపలికి నడిచాను. బేకరీ ఆవిడ చేతిలో బ్యాటు లాక్కున్నాను.

"జరుగు" అన్నాను.

"ఏమైంది?" అందావిడ.

"ఏం కాలేదు. ఇది మా తోడికోడలు. నువ్వు లెక్కపెట్టు."

పిచ్చుక మొహంలో ఆ మెత్తటి నవ్వు రాబోయింది. వేలు చూపించాను. "ఆ నవ్వు ఆపు. ముద్దలు పెట్టావంటే బ్యాటు విసిరి కొడతాను. చేతనైతే నన్ను ఓడించవే."

"ఇక్కడ ఇత్తడి లేదక్కా" అంది నెమ్మదిగా.

"చూశాగా, అందరి ముందూ."

"నీకు కోపమొస్తుంది."

"వస్తే నా కోపం. నీకేం నొప్పి?"

పిచ్చుక జడ మళ్ళీ బిగించి నడుముకి చుట్టుకుంది. బంతి ఎగరేసింది. అది ఎప్పుడు కొట్టిందో, బంతి ఎప్పుడు నా పక్కనించి పోయిందో తెలియలేదు. "ఒకటి సున్నా!" అంది, బేకరీ ఆవిడ నోరు తెరిచేలోపు తనే, గట్టిగా. నాలిక కొరుక్కుంది. నాకు ఒళ్ళు భగ్గున మండింది, ప్రాణం లేచొచ్చింది.

పదకొండు రెండుతో ఓడిపోయాను. ఆ రెండూ నావే, అది వదిలేసినవి కావు. వదిలేసిన బంతి ఎలా ఉంటుందో నాకిప్పుడు బాగా తెలుసు. ఆఖరి బంతి నా చెవి పక్కనించి పోగానే పిచ్చుక గంతేసి, బల్ల చుట్టూ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది.

"నిన్ను ఓడించానక్కా!"

"ఊపిరాడటం లేదు, వదులు. రేపు మన బల్ల మీద నీ సంగతి చెబుతాను" అన్నాను. అది వదల్లేదు. దాని భుజం మీదనించి తలెత్తి, బేకరీ ఆవిడ మమ్మల్ని చూస్తోందా లేదా అని చూశాను. చూస్తోంది.